గుట్ట మీద తొండ: బొగ్గు వెతకడానికి వచ్చినవాళ్ళు చూసింది, మనం చూడనిది

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక తొండ ఉంది. "చరిత్ర చెప్తానని తొండ గురించి చెప్తున్నాడేంటి" అనుకోకండి. దీని వెనక గోదావరి ఉంది, బొగ్గు ఉంది, గోండు రాజ్యం ఉంది, వెయ్యేళ్ళ నాటి తెలుగు పద్యం కూడా ఉంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు తొండని గుర్తుపట్టాలి కదా. కరీంనగర్ వైపు ఏ గుట్ట ఎక్కినా, ఎలగందుల కోట గుట్టయినా, మొలంగూర్ గుట్టయినా, ఎండాకాలం పొద్దున తొమ్మిది పది గంటలకి పెద్ద గుండు మీద ఒకటి కూర్చుని ఉంటుంది. ఒంటి పైభాగం పసుపు, నారింజ లేదా మంచి ఎరుపు. పక్కలు నల్లగా ఉంటాయి. ముందు కాళ్ళ మీద లేచి తల పైకీ కిందకీ ఊపుతుంది. చిన్నప్పుడు మనమంతా అది మనల్ని వెక్కిరిస్తోందని అనుకున్నవాళ్ళమే, రాయి విసిరినవాళ్ళమే. అది మనల్ని చూసి ఊపడం లేదండి. పక్క గుండు మీద ఇంకో మగ తొండ ఉంటే దానికి "ఇది నా జాగా" అని చెప్తోంది. లేదా కింద ఎక్కడో ఆడ తొండ ఉంది, దానికి కనబడాలని చూస్తోంది.

ఆ ఆడ తొండ మనకి ఓ పట్టాన కనపడదు. బూడిద, గోధుమ రంగు ఒళ్ళు, మీద చుక్కలు, మచ్చలు. బండ మీద కూర్చుంటే బండలో కలిసిపోతుంది. పిల్లలూ అంతే. మగది కూడా ఏడాది పొడుగునా ఎర్రగా ఉండదు. ఎండాకాలం మొదలుకుని వానాకాలం దాకా, జత కట్టే రోజుల్లోనే ఆ రంగులు. మిగతా రోజుల్లో అదీ మట్టిరంగులోనే ఉంటుంది.

ఇంకో విశేషం ఉంది. ఈ రంగు నిమిషాల్లో, ఒక్కోసారి క్షణాల్లో మారుతుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో దీని మీద చాలా ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది. ఆడ తొండ ఎదురుగా ఉంటే వీపు ఎర్రబడి పక్కలు నల్లబడతాయి. ఎదురుగా ఉన్నది ఇంకో మగదైతే వీపు పసుపు, పక్కలు నారింజ అవుతాయి. ఒకే ఒంటి మీద ప్రేమకో రంగు, పోట్లాటకో రంగు. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అని మన పెద్దలు అన్నారు. నిజానికి తొండ, ఊసరవెల్లి వేరు వేరు జంతువులు, ఒకటి ముదిరి ఇంకొకటి కాదు. కానీ ఆ సామెత పుట్టించినవాళ్ళు గుట్ట మీద తొండ రంగు మార్చడం కళ్ళారా చూసే ఉంటారని నా అనుమానం.

మనకి తెలుగులో ఇదీ తొండే, కంచె మీద ఉండేదీ తొండే. శాస్త్రంలో మాత్రం వేరు. బండల మీద ఉండే వీటిది సామోఫిలస్ అనే ప్రజాతి. గ్రీకులో ఆ మాటకి అర్థం ఏంటో తెలుసా? "ఇసుకని ప్రేమించేది". ఇసుకకీ దీనికీ ఏ సంబంధమూ లేదు! 1843లో వియన్నాలో ఫిట్జింగర్ అనే ఆయన ఆ పేరు పెట్టాడు. అంతకుముందు 1831లోనే లండన్‌లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ తొండకి "డార్సాలిస్" అని పేరు పెట్టి ఉన్నాడు. వీళ్ళు సీసాలో, సారాయిలో ఊరబెట్టిన తొండని చూసి పేరు పెట్టినవాళ్ళు. సారాయిలో ఎర్ర రంగు నిలవదు. అది కూర్చున్న బండ ఎలాగూ సీసాలోకి రాదు. గుట్ట బిడ్డకి ఇసుక పేరు అట్లా అంటుకుంది.

ఇప్పుడు మన కథలోకి ఇద్దరు మనుషులు వస్తారు. వీళ్ళు మ్యూజియంలో కూర్చున్నవాళ్ళు కాదు, కాలినడకన, గుర్రం మీద తిరిగినవాళ్ళు. మొదటాయన విలియం థామస్ బ్లాన్‌ఫోర్డ్. 1832లో లండన్‌లో పుట్టాడు. 1855లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరాడు. తమ్ముడు హెన్రీ కూడా ఆయనతోపాటే వచ్చాడు. ఆ తమ్ముడే తర్వాత మన వాతావరణ శాఖకి మొట్టమొదటి అధిపతి అయ్యాడు. అన్నదమ్ములకి అప్పగించిన పని ఒడిశాలో తాల్చేర్ బొగ్గు పరీక్షించడం. అక్కడ బొగ్గు పొరల కింద పెద్ద పెద్ద గుండ్లు, సన్నని బురదమట్టి కలగలిసిపోయిన పొర ఒకటి కనిపించింది. నది అయితే రాళ్ళని సైజు ప్రకారం వేరుచేసి వదులుతుంది. మంచు అయితే ఇట్లా కలిపి పారేస్తుంది. "ఈ ఉడికిపోయే దేశంలో ఒకప్పుడు మంచు ఉండేది" అని 1856లో వాళ్ళు చెప్తే నమ్మడం కష్టమైంది. ఇప్పుడు అది పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ తాల్చేర్ పొరలు మన గోదావరి లోయలో కూడా ఉన్నాయి.

అంటే ఈయన పని రాయిని చూడటం. జీతం ఇచ్చేది దానికే. రైళ్ళకి బొగ్గు కావాలి, బొగ్గు ఎక్కడుందో చెప్పు అంటుంది ప్రభుత్వం. ఆ పని మీదే 1860ల చివర్లో, 1870 ప్రాంతంలో నాగపూర్, చాందా వైపు నుంచి గోదావరి దాకా తిరిగాడు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్, గోండు రాజుల రాజధాని. ప్రాణహిత దాటితే మన ఆదిలాబాద్. అప్పట్లో గోదావరి మీద పడవలు నడిపి బేరారు పత్తిని సముద్రానికి చేర్చాలని కూడా ఒక పెద్ద పథకం నడుస్తుండేది. నదికి అడ్డంగా ఉన్న మూడు రాతి కట్లు దానికి పెద్ద ఆటంకం. మొదటిది భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర. 1871కి ఆ పథకం ఆగిపోయింది. రాయి గెలిచిందన్నమాట.

ఆ రాళ్ళ మధ్య తిరుగుతూ బ్లాన్‌ఫోర్డ్ ఒక పని అదనంగా చేశాడు. ఎవరూ చెప్పలేదు, జీతంలో లేదు. బండ మీద పాకేవాటిని, బండ సందులో దాక్కునేవాటిని పట్టి భద్రపరిచాడు. 1870లో మధ్య భారతంలోని సరీసృపాల మీద, కప్పల మీద ఆసియాటిక్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. ఆయన సేకరించినవి కలకత్తాలో రెండో మనిషి చేతికి వెళ్ళాయి. ఆయన ఫెర్డినాండ్ స్టోలిచ్కా. ఇప్పటి చెక్ దేశంలో, మొరావియాలో 1838లో పుట్టినవాడు. 1862 నుంచి ఇక్కడే జియలాజికల్ సర్వేలో శిలాజాల నిపుణుడు.

స్టోలిచ్కా 1871లో చిన్న వ్యాసం ఒకటి వేశాడు. అందులో రెండు కొత్త పేర్లు ఉన్నాయి. ఒకటి భద్రాచలం దగ్గర గోదావరి రాళ్ళలో దొరికిన పెద్ద బల్లి. దానికి హెమిడాక్టిలస్ జైగాంటియస్ అని పేరు, అంటే రాక్షసబల్లి అనుకోండి. రెండోది మన తొండ. అప్పటిదాకా అందరూ దక్షిణాది తొండ, డార్సాలిస్ అనే అనుకున్నారు. స్టోలిచ్కా చూసి "ఇది అది కాదు" అన్నాడు. దొరికిన మనిషి పేరే పెట్టాడు. అదే సామోఫిలస్ బ్లాన్‌ఫోర్డానస్.

తేడా ఎక్కడుంది? బ్లాన్‌ఫోర్డ్ తొండ కొంచెం చిన్నది. దక్షిణాది మగ తొండ తోక కాకుండానే 13 సెంటీమీటర్లు దాటుతుంది, ఇది 9, 10 దగ్గర ఆగుతుంది. అసలు లెక్క పొలుసులది. ఒంటి చుట్టూ, నడుం దగ్గర, పొలుసులు లెక్కపెడితే దక్షిణాది దానికి 115 నుంచి 150 దాకా వస్తాయి. బ్లాన్‌ఫోర్డ్ దానికి 80 నుంచి 100 లోపే. అంటే దీని పొలుసులు పెద్దవి. దూరం నుంచి చూసి చెప్పడం కష్టం. తెలంగాణ జాబితాల్లో ఈ రెండు జాతులూ ఉన్నాయి. స్థూలంగా ఒకటి దక్షిణాదిది, ఇంకొకటి మధ్య భారతానిది, తూర్పు కనుమలది. ఉత్తర తెలంగాణ ఆ రెండిటి మధ్య గుమ్మం లాంటిది.

స్టోలిచ్కా ముగింపు బాధగా ఉంటుంది. 1874 జూన్‌లో, యార్కండ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ లడాఖ్‌లో ఎత్తైన చోట జబ్బుపడి చనిపోయాడు. 36 ఏళ్ళు. లేహ్‌లో సమాధి ఉంది. బ్లాన్‌ఫోర్డ్ 1905 దాకా బతికాడు. భారతదేశపు జంతువుల మీద వచ్చిన ప్రసిద్ధమైన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా గ్రంథమాలకి మొదటి సంపాదకుడు ఆయనే.

ఇక్కడొక మాట చెప్పాలి. వీళ్ళు సామ్రాజ్యం ఉద్యోగులు. బొగ్గు లెక్క ఎవరి కోసమో మనకి తెలుసు. ఆ లోయలో ఉన్న గోండుల్ని, కొలాముల్ని అడిగితే ఆ తొండ ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఎప్పుడు రంగు మారుతుందో చెప్పేవాళ్ళే. వాళ్ళ పేరు ఏ తొండకీ పెట్టలేదు. కానీ వాళ్ళ దేశం పేరు మాత్రం ఇంకా పెద్దదానికి పెట్టారు. ఈ బొగ్గు రాళ్ళ వరుసకి 1870ల్లో "గోండ్వానా" అని పేరు పెట్టారు. తర్వాత ఎడ్వార్డ్ స్యూస్ అనే శాస్త్రవేత్త దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న మహాఖండానికి గోండ్వానాలాండ్ అన్నాడు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మనం, అన్నిటికీ కలిపి గోండుల పేరు! ఉట్నూర్ పిల్లవాడికి బడిలో ఈ మాట చెప్తున్నామా? నాకైతే అనుమానమే.

ఆ గోండ్వానా రాళ్ళలో మన తొండ కథకి ఇంకో మలుపు ఉంది. ఇప్పటి కొమరంభీం ఆసిఫాబాద్ జిల్లా, అంటే 2016 దాకా ఆదిలాబాద్ జిల్లా, అందులో రెబ్బెన మండలం. అక్కడ పైకాసిగూడెం దగ్గర "కోటా" పొరలనే జురాసిక్ కాలపు రాళ్ళు ఉన్నాయి. సుమారు 17, 18 కోట్ల ఏళ్ళ నాటివి. ఆ మట్టిని నీళ్ళలో నానబెట్టి, సన్నని జల్లెళ్ళలో కడిగి, మిగిలిన రవ్వల్ని సూక్ష్మదర్శిని కింద ఏరుకుంటే చిన్న చిన్న దవడ ముక్కలు దొరికాయి. 2002లో సుసాన్ ఎవాన్స్, జి.వి.ఆర్. ప్రసాద్, బి.కె. మన్హాస్ వాటిని ప్రకటించారు. పేరు వినండి: భారతగామా రెబ్బెనెన్సిస్. "భారత" మన దేశం, "అగామా" తొండల వంశం, "రెబ్బెన" మన ఊరు.

ఎందుకు తొండ అన్నారు? పళ్ళని బట్టి. బల్లికి పళ్ళు దవడ లోపలి గోడకి ఆనుకుని ఉంటాయి, ఊడితే మళ్ళీ వస్తాయి. తొండకి చాలా పళ్ళు దవడ అంచు మీదే అతికి ఉంటాయి, అరిగితే అరిగినట్టే. రెబ్బెన దవడల్లో పళ్ళు అట్లా అంచు మీద ఉన్నాయి. ఇవి నిజంగా తొండల వంశానివే అయితే, ఆ వంశంలో ప్రపంచంలోనే అతి పాతవాటిలో ఒకటి మన రెబ్బెనలో దొరికినట్టు. అందరూ ఒప్పుకోలేదు. న్యూజిలాండ్‌లో మిగిలి ఉన్న ట్యూటారా అనే జీవికి కూడా పళ్ళు అంచు మీదే ఉంటాయి, ఇది దాని చుట్టం కావచ్చని కొందరి వాదన. అదే పైకాసిగూడెం మట్టిలో ట్యూటారా చుట్టాలు కూడా దొరికాయి. వాటి పేర్లు రెబ్బెనసారస్, గోదావరిసారస్. వాదన ఎటు తేలినా, ఆ లోయలో తొండలాంటి చిన్న ప్రాణులు రాక్షసబల్లుల కాళ్ళ సందున పరిగెత్తేవి అన్నది మాత్రం ఖాయం.

సరే, కోట్ల ఏళ్ళ నుంచి ఇవాళ్టికి వద్దాం. పాత రెండు జిల్లాల్లో రాళ్ళు ఒకే రకం కాదు. ఆదిలాబాద్ పడమర వైపు నల్ల రాయి, ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా. ప్రాణహిత, గోదావరి వెంట బొగ్గు, ఇసుకరాయి. నిర్మల్ దాటి కిందకి, కరీంనగర్ అంతా గ్రానైట్. అది 250 కోట్ల ఏళ్ళ పాతది. ఈ గ్రానైట్‌కి ఒక గుణం ఉంది. ఎండకీ వానకీ ఉల్లిపాయలా పొరలు పొరలుగా లేస్తుంది. పరుపు బండ మీద ఇంకో పలక, రెండిటి మధ్య వేలు పట్టేంత సందు. తొండకి కావలసింది సరిగ్గా అదే.

దాని రోజు చూడండి. పొద్దున బండ వెచ్చబడగానే పైకి వస్తుంది. చీమలు, పురుగులు తింటుంది. మధ్యాహ్నం బండ కాలుతుంటే సందులోకి వెళ్తుంది, సాయంత్రం మళ్ళీ వస్తుంది. డేగ కనిపిస్తే సందు, పాము వస్తే ఇంకో సందు. గుడ్లు పెట్టడానికి మాత్రం ఆడ తొండ గుట్ట దిగి మట్టిలోకి రావాలి. చిత్తూరు వైపు రిషివ్యాలీలో ఈ తొండల్ని ఏళ్ళ తరబడి గుర్తులు పెట్టి గమనించారు. తేలింది ఏంటంటే మగవాటిలో చాలా భాగం ఒక్క జతకాలమే చూస్తాయి, రెండోది చూసేవి అరుదు. ఎర్ర రంగు వేసుకుని అందరికీ కనబడేలా కూర్చున్నందుకు కట్టే ధర అది. అంటే ఒక గుట్ట మీద తొండలు ఉండాలంటే ప్రతి ఏడూ కొత్త తరం రావాలి. బండ ఉండాలి, సందు ఉండాలి, పక్కన మట్టి ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. కరీంనగర్ గ్రానైట్‌కి ప్రపంచంలో పేరు ఉంది. గోధుమ రంగు రాయిని వ్యాపారంలో టాన్ బ్రౌన్ అంటారు. క్వారీలో వైరు రంపంతో కోసి, పెద్ద పెద్ద దిమ్మెలు చేసి, రైలెక్కించి, ఓడలో చైనా దాకా పంపుతారు. ఎన్నో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి, కాదనను. కానీ క్వారీ ముందు చేసే పని పైనున్న పొరలు, పలకలు, గుండ్లు తీసి పక్కన పారెయ్యడం. వ్యాపారానికి అది చెత్త. తొండకి అదే ఇల్లు.

దీనికి ఒక పెద్ద సాక్ష్యం మన దగ్గరే ఉంది. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట. పదో శతాబ్దంలో, 945 ప్రాంతంలో, జినవల్లభుడు ఆ గుట్ట బండ మీద జైన బొమ్మలు చెక్కించి కింద శాసనం వేయించాడు. ఈయన కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో ఉంది. తెలుగు కంద పద్యాలు మనకి తొలిగా కనిపించే చోట్లలో అది ఒకటి. తెలుగుకి ప్రాచీన హోదా కోసం వాదించినప్పుడు ముందుకు తెచ్చిన ఆధారాల్లో కూడా అది ఉంది. అంతటి గుట్ట చుట్టూ క్వారీ పేలుళ్ళు వద్దని చరిత్రకారులు, ఊరివాళ్ళు కొట్లాడాల్సి వచ్చింది. అక్షరం ఉన్న బండకే ఇంత కష్టమైతే, అక్షరం లేని బండ సంగతి ఏంటి?

నేను ఈ తొండ అంతరించిపోతోందని చెప్పడం లేదండి. అది అబద్ధం అవుతుంది. దక్షిణాది తొండ గట్టిది. ఊళ్ళ పక్కన ప్రహరీ గోడల మీద కూడా బతుకుతుంది. ప్రమాదం లేని చోటు ఏదో నగర శివార్ల తొండలు తొందరగా నేర్చుకుంటాయని 2019లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. నా బాధ వేరు. గుట్టల మీద ఏమేం ఉన్నాయో మనం ఇంకా లెక్కే పెట్టలేదు.

ఉదాహరణ చెప్తా. మన ఇళ్ళ చుట్టూ, రాళ్ళ మధ్య తిరిగే ఒక రకం గరుకు బల్లిని 1845 నుంచి హెమిడాక్టిలస్ బ్రూకీ అంటూ వచ్చారు. అందరూ ఒకటే అనుకున్నారు. ఈ మధ్య జన్యువులు పరీక్షిస్తే ఆ ఒక్క పేరు కింద చాలా జాతులు దాక్కున్నాయని తేలింది. 2020లో మన తెలంగాణ నుంచే రెండు కొత్త జాతుల్ని ప్రకటించారు: హెమిడాక్టిలస్ ఫ్లావికాడస్, హెమిడాక్టిలస్ జెరికోలస్. మొదటి దానికి అర్థం పసుపు తోకది. రెండోది ఎండు నేలలో ఉండేది. 175 ఏళ్ళు మన కళ్ళ ముందే ఉండి పేరు లేకుండా ఉన్నాయి. పొలుసులు లెక్కపెట్టేలోపే కోసి పంపేసిన గుట్టల మీద ఏముండేదో ఇక ఎవరు చెప్తారు?

నాకు ఈ కథలో తగిలేది ఇదే. 150 ఏళ్ళ కిందట ఒక మనిషి ఈ నేలకి రాయి కోసమే వచ్చాడు. బొగ్గు లెక్క రాసుకున్నాడు, పై అధికారులకి పంపాడు. కానీ వంగి బండ మీద తొండని కూడా చూశాడు. ఇవాళ మనమూ రాయి కోసమే గుట్ట ఎక్కుతున్నాం, ఆయన కంటే పెద్ద యంత్రాలతో. గుట్ట మనది, భాష మనది, సామెత కూడా మనదే. వంగి చూసే ఓపిక ఒక్కటే తక్కువైంది.

మీది కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, లేదంటే నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు అయితే ఒక చిన్న పని చెయ్యండి. ఈ ఎండాకాలం పొద్దున మీ ఊరి గుట్ట దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళండి. దూరంగా, కదలకుండా కూర్చోండి. పట్టుకోవద్దు, రాయి వెయ్యొద్దు. తల ఊపే తొండ కనిపిస్తే ఫోటో తియ్యండి, తేదీ, ఊరి పేరు, గుట్ట పేరు రాసి పెట్టుకోండి. గుట్టకి మీ ఊళ్ళో ఏమని పేరో పెద్దవాళ్ళని అడిగి మరీ రాయండి. రేపు ఆ గుట్ట ఉన్నా లేకున్నా, అక్కడ ఎవరు ఉండేవాళ్ళో చెప్పడానికి ఒక కాగితం ఉంటుంది. చరిత్ర అనేది చాలాసార్లు అంతే కదా.